యాగంటి కోనేటి మెట్లపై

ప్రతిమాసమును ఈ పుటలయందు మనము వంటయింటిని గుఱించియు, పిల్లల ఆరోగ్యమును గుఱించియు, ఇంటి జమాఖర్చులను గుఱించియు ముచ్చటించుకొనుచుందుము. ఈ మాసము గడప దాటి ఒక పుణ్యక్షేత్రమునకు పోయివత్తము. క్షేత్రమనగానే వంటయింటికి సంబంధము లేని విషయమని తలపవలదు. మేము చెప్పబోవు కథ నీటి బిందెతో మొదలై నీటి బిందెతోనే ముగియును. బిందె లేని వంటయిల్లు ఎక్కడ నున్నది?

గడచిన కార్తికమాసమున ఒక బంధువుల యింటి శుభకార్యమునకై మేము మా అత్తగారితో కూడ అవుకునకు వెళ్లితిమి. అవుకు నంద్యాల జిల్లాలోనిది. మునుపు కర్నూలు జిల్లాలో చేరియుండెడిది. 2022 ఏప్రిల్ 4వ తేదీన నంద్యాల జిల్లా ఏర్పడినపుడు దీనిలో కలిసెను. ఎఱ్ఱమల కొండల చెంతనున్న ఈ యూరు ఒకప్పుడు రాజులకు నివాసము. విజయనగర చరిత్రలో ప్రసిద్ధికెక్కిన ఆరవీటివంశపు శాఖవారొకరు దీనిని ఏలిరి. ఆ వంశపు మఱియొక శాఖవారు నంద్యాలను ఏలిరి. పింగళి సూరన తన కళాపూర్ణోదయమును అంకితమిచ్చిన కృష్ణరాజు ఆ నంద్యాల ప్రభువే. నేడు రాజులు లేరు, సింహాసనములు లేవు. ఇప్పుడు ఈ సీమను ఏలుచున్నవి రెండే: ఒకటి రాయి, రెండవది నీరు.

ముందుగా రాతి సంగతి చెప్పెదము. అవుకు, కొలిమిగుండ్ల, బేతంచెర్ల ప్రాంతములలో నాపరాళ్ల గనులు విస్తారముగ నున్నవి. మన యిండ్లలో వాకిట పఱచిన బండలును, రుబ్బురోటి ప్రక్కన వేసిన పలకయు, స్నానపు గది నేలయు అనేకముగ ఈ ప్రాంతమునుండి వచ్చినవే. ఇక్కడ గోడ నాపరాయి, కప్పు నాపరాయి, గడప నాపరాయి. పశువుల కొట్టమునకును, పెరటికిని నిలువునాపలే కంచె. గనులలో పురుషులతోపాటు స్త్రీలును ఎండలో పనిచేయుచుందురు. మనము చల్లగా నున్నదని మురిసి అడుగుపెట్టు ఆ బండ ఎవరి చెమటతో మన యింటికి వచ్చినదో ఒక్కసారి తలచుకొనుట మంచిది.

ఈ రాళ్లను గుఱించి ఒక వింత వింటిమి. అరిసెలు ఒకదానిపై నొకటి పేర్చినట్లు ఈ సీమ భూమిలో రాతిపొరలున్నవి. 1872లో విలియం కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు వీనిని వివరించి గ్రంథము ప్రకటించెను. శాస్త్రజ్ఞులు ఆ పొరలకు ఈ యూళ్ల పేర్లే పెట్టిరి. అన్నిటికంటె అడుగున బనగానపల్లె పొర. దానిపై నార్జి సున్నపురాయి. దానిపై అవుకు పొర. ఆపైన పాణ్యము పొర, కోయిలకుంట్ల సున్నపురాయి, చివరకు నంద్యాల పొర. మన పెద్దలు ఇంటి బిడ్డలకు తాతల పేర్లు పెట్టినట్లు, శాస్త్రజ్ఞులు కోట్లకొలది ఏండ్ల రాళ్లకు మన యూళ్ల పేర్లు పెట్టిరి! ప్రపంచమున ఏ దేశమున భూగర్భశాస్త్రము చదువుకొన్నవారైనను ఈ సీమ రాళ్లను గుఱించి వ్రాయునపుడు అవుకు పేరు వ్రాయకతప్పదు. బనగానపల్లె పొరనుండియే పూర్వము వజ్రములు త్రవ్వి తీసిరి.

ఈ రాతిచదువు మనకెందుకని కొందఱు అనుకొనవచ్చును. మన కాగులలో కొన్నాళ్లకు తెల్లని పెచ్చు కట్టుట చూచియున్నారు గదా! కందిపప్పు ఎంత యుడికించినను మెత్తబడకుండుటయు, సబ్బు ఎంత రుద్దినను నురుగు రాకుండుటయు మనకు అనుభవమే. దానికి కారణము నీటిలో కరగియున్న సున్నము. వానచినుకు గాలిలోనుండియు, మట్టిలోనుండియు కొంత పులుపును తనలో చేర్చుకొని, సున్నపురాతి పగుళ్లలో దిగుచు, ఆ రాతిని రవంత రవంతగా కరగించుకొని పోవును. మనము చింతపండుతో ఇత్తడిబిందెను తోముట వంటిదే ఈ పని. మనకు ఒక గడియ పట్టును. వానకు లక్షల యేండ్లు పట్టును. అట్లు కరగినచోట గుహలేర్పడును. పగుళ్లవెంట దిగిన నీరు, నీటిని దిగనీయని మఱియొక పొర తగిలినచోట ప్రక్కకు మరలి ఊటయై బయటికి వచ్చును. కొండలలోని క్షేత్రములయందు కనబడు ఊటలకు సామాన్యముగ ఇదియే కారణము.

అవుకు ప్రక్కనున్న కొలిమిగుండ్ల మండలములోని బెలుము గుహలు ఇట్లేర్పడినవే. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అను ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు వీనిని గుఱించి వ్రాసెను. అటుపిమ్మట నూఱేండ్లవఱకు వీనిని పట్టించుకొన్నవారు లేరు. 1982 మొదలు 1984 వఱకు జర్మనీ దేశపు గుహాన్వేషకులు వచ్చి లోపలి దారులు కొలిచిరి. కొలత 3,229 మీటరులని తేలెను. 2002లో జనులు చూచుటకు దారి తెఱచిరి. లోపల అన్నిటికంటె లోతైన తావునకు పాతాళగంగ యని పేరు. అక్కడ చిన్న నీటిపాయ కనబడి మరల రాతిలో మఱుగైపోవును. పైన నేల నెఱ్ఱెలు విచ్చి యుండగా, క్రింద చీకటిలో నీరు నడచిపోవుచున్నది. ఈ సీమ కష్టమంతయు ఆ ఒక్క దృశ్యముననే యున్నది.

బెలుము గుహలకు పోయివచ్చిన మఱునాడు మేము యాగంటికి బయలుదేఱితిమి. అవుకునుండి దారి బనగానపల్లె మీదుగా పోవును. ఆ యూరిపేరు వినగానే పిల్లలకు మామిడిపండు జ్ఞప్తికి వచ్చును. బనగానపల్లె మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు లభించెను. ఈ పట్టణము 1948 వఱకు నవాబుల యేలుబడిలో నున్న చిన్న సంస్థానము. ఆ యేట మదరాసు రాష్ట్రమున విలీనమయ్యెను. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి బాల్యమున గరిమిరెడ్డి అచ్చమ్మ యను ఇల్లాలి యావులను కాచి, రవ్వలకొండ గుహలో కాలజ్ఞానము వ్రాసిన చోటుకూడ ఇదేయని ప్రసిద్ధి. ఒక గోపాలకునియందలి జ్ఞానమును గుర్తించి శిష్యురాలైన ఆ యిల్లాలిని గుఱించి మఱియొక మాసము వ్రాయవలెనని యున్నది.

యాగంటి చేరునప్పటికి తెల్లవాఱుచుండెను. మూడు వైపుల ఎఱ్ఱని కొండగోడలు. వాని నడుమ గోపురము. కొండ చఱియలపై తొలియెండ సోకి కుంకుమ చల్లినట్లుండెను. విజయనగరపు సంగమవంశ ప్రభువుల కాలమున ఈ యాలయము నిర్మింపబడినదని ప్రతీతి.

స్థలపురాణము ఇట్లు చెప్పుదురు. అగస్త్యమహాముని ఇక్కడ శ్రీవేంకటేశ్వరునకు ఆలయము కట్టింపదలచెనట. విగ్రహము సిద్ధమైన పిమ్మట దాని కాలిగోరు విఱిగియుండుట కనబడెను. ముని చింతించి తపము చేయగా శివుడు ప్రత్యక్షమై, ఈ స్థలము కైలాసమువలె నున్నది గావున శైవక్షేత్రమునకు తగినదని చెప్పెను. ముని కోరికపై ఉమతో కూడ ఒకే శిలయందు వెలసెను. సామాన్యముగ శివాలయములలో మనము లింగమును పూజింతుము. ఇక్కడ ఉమయు, మహేశ్వరుడును కలిసి ఒకే రాతిలో రూపముతో నున్నారు. ఆ గోరు విఱిగిన విగ్రహమును పాఱవేయలేదు. కొండగుహలో వేంకటేశ్వరునిగా నేటికిని పూజలందుకొనుచున్నది. చిన్న లోపమునకై వస్తువులనే కాక మనుష్యులనుకూడ మూలకు నెట్టు మనకు ఈ కథ ఒక పాఠము.

అగస్త్యుని తపమునకు కాకులు అడ్డుపడగా ఆయన శపించెననియు, నాటినుండి ఇక్కడ కాకి వాలదనియు చెప్పుదురు. శనిదేవుని వాహనమైన కాకియే రానిచోటికి శని రాడని జనుల నమ్మకము. ఆలయపు బసవన్న పెరుగుచున్నాడని మఱియొక నమ్మకము. పూర్వము ఆయన చుట్టు ప్రదక్షిణము చేయగలిగెడివారమనియు, ఇప్పుడు స్తంభములకు తగులునంత పెరిగెననియు, అందుకై ఒక స్తంభమును తొలగించిరనియు అక్కడి పెద్దలు చూపి చెప్పుదురు. ఇరువదియేండ్లకు ఒక అంగుళమని లెక్కకూడ కట్టిరి. కాలజ్ఞానమునందు ఈ బసవన్న ప్రస్తావన కలదని చెప్పుకొనుట మనము చిన్ననాటినుండి వినుచున్నదే. మా అత్తగారు బసవన్న మూపుపై చేయి వేసి, “నేను పెండ్లియైన క్రొత్తలో చూచినదానికంటె పెద్దవాడైనాడు” అనిరి. నేనును కొంచెము వంగితిని గదాయని మేము లోలోపల అనుకొనిన మాట ఆమె నోటనుండియే వచ్చెను: “నేనేమో చిన్నదాన నైతిని.” అందఱమును నవ్వితిమి.

ఇక కోనేటి సంగతికి వత్తము. ఈ వ్యాసము దానికొఱకే. కొండలోపలినుండి వచ్చు నీరు నంది నోటిగుండ పుష్కరిణిలోనికి పడుచుండును. ఏడాది పొడవున ఆ ధార ఆగదని అందఱును చెప్పుదురు. చుట్టుప్రక్కల బావులు ఎండినను ఇక్కడ నీరుండును. అగస్త్యుడు స్నానమాడిన తీర్థమని దానికి అగస్త్య పుష్కరిణియని పేరు. ఎఱ్ఱని రాళ్ల నడుమ ఆ నీటిని చూచినపుడు, మన పూర్వులు ఇక్కడనే గుడి యేల కట్టిరో ఒకరు చెప్పకయే తెలియును. నీరున్నచోట ముని తపము చేసెను. ముని యున్నచోట దేవుడు వెలసెను. దేవుడున్నచోటికి రాజు వచ్చి గోపురమెత్తెను. వరుసలో అన్నిటికంటె ముందున్నది నీరే.

కార్తిక సోమవారమగుటచే జనము క్రిక్కిఱిసి యుండిరి. మా అత్తగారికి ఒక మ్రొక్కుబడి యుండెను. కోనేట స్నానము చేసి, కట్టుకొన్న కోకను నీటనే విడిచి, పొడికోక కట్టుకొని దర్శనమునకు పోవలెనని. విడిచిన కోకతో పాపము కూడ పోవునని ఆమె పుట్టినింటివారి ఆచారము. మేమును అట్లే చేసితిమి. కొంచెము పసుపుముద్ద, రెండు సబ్బులు, తలంటుపొడి పొట్లములు మాతో తీసికొనిపోయితిమి. వాని కాగితములును, జిగురుసంచులును ఏ మెట్టుపై విడిచితిమో మాకే జ్ఞాపకము లేదు. ఇది దాచుకొనుటకు తగిన మాటయే యైనను, దాచినచో ఈ వ్యాసము వ్రాయుటకు మాకు అర్హత యుండదు.

దర్శనమైన పిమ్మట అగస్త్యుని గుహకు మెట్లెక్కి దిగివచ్చి, మేము మరల కోనేటి యొడ్డున నీడలో కూర్చుంటిమి. ఒక ముదుసలి చేత వెదురుకఱ్ఱ పట్టుకొని నీటిలోనుండి ఏవో లాగి మెట్లపై వేయుచుండెను. చూడగా అవి కోకలు, రవికెలు, పంచెలు. తడిసి బరువెక్కిన ఆ బట్టల కుప్ప ఆమె నడుమెత్తు వచ్చెను. ఒక్కొక్కటి లాగునపుడు ఆమె నడుము పట్టుకొని ఒక్క క్షణము నిలుచుచుండెను. ఇంతలో ఆకుపచ్చ అంచుగల పసుపుకోక ఒకటి కఱ్ఱకు తగులుకొని పైకి వచ్చెను. అది మా అత్తగారిది.

అత్తగారు ఉండబట్టలేక, “ఏమమ్మా, గంగమ్మకిచ్చిన కోకను తీయుదురా?” అని యడిగిరి.

ఆ యవ్వ మా వైపు తిరిగి, కోపమేమియు లేక, “గంగమ్మకి ఇన్ని కోకలు యాడికమ్మా? ఆయమ్మ కట్టుకోదు, మడతేసి పెట్టుకోదు. మీరు ఇడిసి పోతారు, నేను ఎత్తాల. ఎత్తకపోతే నీల్లు కంపు కొడతాయి. మల్లీ మీరే ముక్కు మూసుకుంటారు” అనెను.

మా అత్తగారి ముఖము చిన్నబోయెను. పాపము పోయినదని సంతోషించిన గడియలోనే ఆ పాపము ఒక ముసలిదాని నడుము మీదికి ఎక్కినదని తెలిసిన ఎవరికి మాత్రము అట్లు కాదు? మేము ఆ యవ్వను కూర్చుండబెట్టి, మా యొద్దనున్న పులిహోర పెట్టి, ఆమె ఊరు పేరు అడిగితిమి. ఆమెది దగ్గఱి పల్లె. కొడుకును, కోడలును నాపరాళ్ల గనికి పోవుదురు. మనుమరాలొకతె కలదు.

“బడికి పోవుచున్నదా అవ్వా?” యని యడిగితిమి.

“పోతాదమ్మా, నీల్లు వచ్చినన్నాళ్లు పోతాది. ఎండాకాలం కొళాయి రాదు. తెల్లారి వాళ్లమ్మ గనికి పోతాది. నాకేమో ఇంక మొయ్యను కాదు. మల్ల ఎవురు పోవాల? ఆ బిడ్డే పోవాల. బిందె తీసుకొని పోయి వచ్చేసరికి బడి గంట కొట్టేసి ఉంటారు. పోయినేడు అట్లే రెండు నెలలు పోలేదు.”

“మీ కొడుకు తేలేడా?” అని అత్తగారు అడిగిరి.

అవ్వ నవ్వెను. “నేనూ అదే అంటానమ్మా. మగోడు బిందె ఎత్తుకుంటే నవ్వుతారంటాడు. ఒరేయ్, లోపల ఉండే సామి ఎవురనుకున్నావురా? గంగను నెత్తినెత్తుకున్నాడు. శివయ్యే నెత్తిన నీల్లు మోసినాడు, నువ్వు మోస్తే ఏం తక్కువైతాదిరా అంటాను. ఇనడు.”

సోదరీమణులారా! మేము అనేక క్షేత్రములు చూచితిమి. అనేక హరికథలు, పురాణకాలక్షేపములు వింటిమి. గంగాధరుడను నామమును ఎన్ని వేలసార్లు జపించితిమో లెక్కలేదు. ఆ నామమునకు ఈ యర్థము కలదని ఏ పండితుడును మాకు చెప్పలేదు. కోనేటి మెట్లు ఊడ్చు అవ్వ చెప్పెను.

తలచి చూడుడు. గర్భగుడిలో ఒకే శిలయందు ఇరువురున్నారు. ఉమకు వేఱు శిల లేదు. మహేశ్వరునికి వేఱు పీఠము లేదు. మనమందఱము ఆ జంటను చూచి చేతులు జోడించి, మా దాంపత్యము నట్లే యుండునుగాక యని వేడుకొందుము. బయటికి వచ్చి చూతుమా, బిందె మాత్రము ఒకరి చంకననే యున్నది. ఇది ఒక్క ఈ సీమ మాటయే కాదు. ఐక్యరాజ్యసమితి బాలల సంస్థయు, ప్రపంచ ఆరోగ్య సంస్థయు కలిసి 2023లో ప్రకటించిన నివేదికలో, ఇంటి ఆవరణలో నీటి వసతి లేని కుటుంబములు పదింటిలో ఏడింట నీరు తెచ్చు భారము ప్రధానముగ స్త్రీలదేయని వ్రాసిరి. పది యిండ్లలో ఏడు! తక్కిన మూడిండ్లను చూచి సంతోషింపవలయునో, ఏడిండ్లను చూచి దుఃఖింపవలయునో తెలియకున్నది.

ఈ సీమకు నీటికొఱత నేటిది కాదు. 1876 మొదలు 1878 వఱకు వచ్చిన ధాత కఱవులో కర్నూలు ప్రాంతము పడిన పాట్లను పెద్దలు తరతరములుగా చెప్పుకొనిరి. ఆ భయమే ఇక్కడి యిల్లాండ్రకు పొదుపు నేర్పెను. అవుకులో మా బంధువుల యింట చూచితిమి: బియ్యము కడిగిన నీరు పశువుల కుడితిలోనికి, కూరలు కడిగిన నీరు పెరటి చెట్లకు, చేతులు కడుగుకొను నీరు కరివేపచెట్టు మొదటికి. ఒక్క చెంబు నీటితో గిన్నెలు ఎట్లు తోమవలెనో వారిని చూచి నేర్చుకొనవలసినదే.

న్యాయముగ చెప్పవలెనన్న, నీటికొఱకు జరుగుచున్న ప్రయత్నములనుకూడ చెప్పవలెను. అవుకు చెంతనే నేడు పెద్ద జలాశయము కలదు. నాలుగు టి.ఎం.సి.లకు పైగా నీరు పట్టును. కృష్ణానది నీరు శ్రీశైలమునుండి పోతిరెడ్డిపాడు, బనకచెర్ల, గోరకల్లు మీదుగా ఇక్కడికి వచ్చి, ఇక్కడినుండి గండికోట వైపు పోవునట్లు ఏర్పాటు చేసిరి. అడ్డమైన కొండను తొలిచి సొరంగములు త్రవ్వవలసి వచ్చెను. ఒకచోట రాయి గట్టిగా లేక మట్టి జారిపోవుచుండుటచే ఆ పని ఏండ్లతరబడి నిలిచిపోయెను. కడకు రెండవ సొరంగమును 2023 నవంబరు 30వ తేదీన జాతికి అంకితము చేసిరి. సాయంకాలమున ఆ జలాశయపు కట్టపై నిలిచి చూచితిమి. కనుచూపుమేర నీరు, నీటిపై కొండలనీడ. ఇంటింటికి కొళాయి యను పథకమును కేంద్ర ప్రభుత్వము 2019లో ప్రారంభించెను. కృష్ణమ్మ కొండను తొలుచుకొని అవుకు వఱకు వచ్చినది. కాని కట్టపైనుండి అవ్వ మనుమరాలి బిందె వఱకు మిగిలిన దారి ఇంకను కొంత కలదు. ఆ దారిని ప్రభుత్వము వేయవలసినది కొంత, ఇంటింట మనము వేయవలసినది కొంత.

ప్రభుత్వము చేయవలసినదానిని పంచాయతీ సభలలో అడుగుదము. ఇప్పుడు గ్రామ పంచాయతీలలో స్త్రీలకు స్థానములు కలవు, నోరు కలదు. ఎండకాలమున కొళాయి ఏల రాదని, బడిపిల్లల చేత బిందె ఏల యున్నదని అడుగుట స్త్రీలకు తగని పని కాదు. మనము చేయవలసినదో, అది మన యింటిలోనే యున్నది. కొడుకులకు చిన్ననాటినుండియే నీళ్లు పట్టుట, కాగు నింపుట, త్రాగిన లోటాను కడిగి బోర్లించుట అలవాటు చేయుదము. “నీవు మగవాడవు, నీకెందుకు?” అను మాట మొట్టమొదట వాని చెవిని వేసినవారము మనమే, దానిని తీసివేయవలసినవారమును మనమే.

ఇక తీర్థయాత్రలకు పోవువారికి మా మనవి. కోనేట మునుగుటకు ముందు ఒడ్డుననే ఒక చెంబు నీరు కాళ్లపై పోసికొని పొండు. సబ్బును, తలంటుపొడిని కోనేటికి తీసికొని పోకుడు. నలుగుస్నానము ఇంట చేసి, తీర్థమున మునుగుటయే పెద్దల పద్ధతి. పసుపుకుంకుమలు ఒక చిటికెడు చాలును. కోక విడుచు మ్రొక్కుబడి యున్నచో, ఆ కోకను ఉతికి ఆరవేసి కట్టుబట్ట లేని యొక యిల్లాలికి ఇండు. గంగమ్మకు అంతకంటె ప్రీతి మఱియొకటి లేదు. తెచ్చిన సంచిని, పొట్లమును ఇంటికే తీసికొనిపొండు. బయలుదేఱునపుడు మూటలో ఒక ఖాళీ గుడ్డసంచి పెట్టుకొనుడు. పుణ్యము తెచ్చుకొనుటకు కాదు, చెత్త తెచ్చుకొనుటకు. మెట్లూడ్చువారికి దక్షిణ యిచ్చుట మఱవకుడు. పూజారికిచ్చినది దేవునికి చేరునని నమ్మెదము గదా. ఊడ్చువారికిచ్చినది మాత్రము ఎవరికి చేరును?

ఆనాడు మేము బయలుదేఱుటకు లేచునప్పటికి అత్తగారు కనబడలేదు. చూచితిమి గదా, ఆమె కోనేటి మెట్లు దిగి, అవ్వ చేతిలోని కఱ్ఱను పుచ్చుకొని నీటిలో తేలుచున్న బట్టలను లాగుచున్నారు. డెబ్బదియేండ్లు దాటిన ఆమె ఇంటిలో ఒక చెంబు కూడ ఎత్తక యుండునట్లు మేము చూచుకొందుము. వలదని వారించితిమి. “నేను విడిచినది నేనే తీసెదను. మ్రొక్కు ఇప్పుడు తీఱినది” అని, తన పసుపుకోకను పిండి, భుజముపై వేసికొని మెట్లెక్కివచ్చిరి. మేమును చూచుచు నిలువలేక దిగితిమి. ఒక గంటసేపు ముగ్గురమును కలిసి ఆ మూల శుభ్రపఱచితిమి. నంది నోట ధార పడుచునే యుండెను. ఆ చప్పుడు మాకు అంతకుముందు వినబడినట్లు జ్ఞాపకము లేదు.

ఆ కోక ఇంటికి వచ్చి, ఉతుకబడి, ఆరి, ఇప్పుడు అవ్వ కోడలియొద్ద నున్నది. పంపినది అత్తగారే. అవ్వ మనుమరాలికి పలకయు, పుస్తకములును కూడ ఆ మూటలోనే పెట్టిరి. దీనితో ఆ బిడ్డ కష్టము తీఱినదని మేము చెప్పజాలము. ఎండకాలము మరల వచ్చును. కొళాయి మరల ఎండును. ఆ గనిపనివాడు బిందె ఎత్తునో లేదో, అదియు మాకు తెలియదు.

మా యింట మాత్రము ఒక మార్పు వచ్చెను. మా యూరిలో కొళాయినీరు తెల్లవాఱుజామున వచ్చును. ఇన్నాళ్లు మేమే లేచి పట్టుచుంటిమి. యాగంటినుండి వచ్చిన మఱునాడు అత్తగారు మనుమని తట్టిలేపి, “లేరా గంగాధరా, నీళ్లు వచ్చినవి” అనిరి. వాని పేరు అది కాదు. వాడు కన్నులు నలుపుకొనుచు, “నన్ను అట్లేల పిలిచితివి నాయనమ్మా?” అని యడిగెను. ఆమె బిందె వాని చేతికిచ్చి, “ముందు నీళ్లు పట్టుకొనిరా, పిమ్మట కథ చెప్పెదను” అనిరి.

సోదరీమణులారా! మీ యింటిలోని గంగాధరునికి కూడ ఆ కథ చెప్పుడు. ఉమామహేశ్వరులు మీ యిండ్లను చల్లగా చూతురుగాక!